ఓక్ పీపాలో పులిసిన బీరు: ఆ పులుపు ఎక్కడిది?

బీరు పుల్లగా ఉంటే పారబోయాలి. నెల్లూరులో అడిగినా ఒంగోలులో అడిగినా బీరు అలవాటున్నవారు చెప్పే మాట ఇదే. ఆ మాటకు ఆధారం ఉంది. మన దుకాణాల్లో దొరికేది దాదాపు అంతా లాగర్, అంటే చల్లగా పులియబెట్టే తేట బీరు. లాగర్ సీసాలో పులుపు తగిలిందంటే లాక్టోబాసిలస్, పీడియోకాకస్ లాంటి బ్యాక్టీరియా ఏదో లోపలికి చొరబడి ఉంటుంది. అది రాకుండా చూసుకోవడానికే బ్రూవరీల్లో గొట్టాలను, ట్యాంకులను అంత శ్రద్ధగా కడుగుతారు.

అవే బ్యాక్టీరియాలను కోరి రప్పించి, ఏడాది మొదలు మూడేళ్ళ దాకా ఓక్ చెక్క పీపాలో ఉంచి చేసే బీరు ఒకటుంది. దాని పుట్టిల్లు బెల్జియం. ఇప్పుడు అమెరికాలోనూ విరివిగా చేస్తున్నారు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన బంధువు ఒకరు అలాంటి సీసా తెస్తే నెల్లూరులో మా అక్క ఇంట్లో తెరిచాం. మొదటి గుక్కకే మా బావ మొహం చిట్లించి, "ఇది పాడైపోయింది" అన్నారు. మా బాబాయి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు ఆగి, "పాడు కాలేదు అల్లుడూ, ముదిరిన కల్లు వాసన వస్తోంది" అన్నారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. నా దృష్టిలో ఈ బీరును అర్థం చేసుకోవడమంటే ఆ రెండు నిజాలనూ విడదీసి చూడటమే. పులుపులో ఇంత వైవిధ్యం ఎరిగిన నాలుక మన ప్రాంతంలో ప్రతి ఇంట్లో ఉంది. చింతపండు పులుపు, మామిడికాయ పులుపు, చద్దన్నం పులుపు మూడూ వేర్వేరని చిన్నపిల్లలకు కూడా తెలుసు. బీరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పులుపు అంటే ఒక్కటే అనుకుంటాం.

ముందుగా చీటీ సంగతి. ఇలాంటి సీసా మీద సవర్, వైల్డ్, బ్యారెల్ ఏజ్డ్ అనే మూడు మాటలు కనిపిస్తాయి. మూడింటికీ అర్థం ఒకటే అనుకోవడంతో చిక్కు మొదలవుతుంది.

సవర్ అనేది రుచిని మాత్రమే చెబుతుంది. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) రసాన్ని వెచ్చగా ఉంచి, లాక్టోబాసిలస్ కలిపి, ఒకటి రెండు రోజుల్లో పులియబెట్టి, ఆపైన మరిగించి బ్యాక్టీరియాను చంపి, మామూలు ఈస్ట్ వేసినా సవర్ తయారవుతుంది. బెంగళూరు, హైదరాబాదు మైక్రోబ్రూవరీల్లో పండ్లు కలిపి ఇచ్చే సవర్లు సాధారణంగా ఈ కోవవే. హాయిగా ఉంటాయి, కానీ వాటి పులుపు ఒంటిపోగు పులుపు. వైల్డ్ అనేది పులియబెట్టిన జీవుల గురించి చెబుతుంది. పెంచి వాడే మామూలు బీరు ఈస్ట్ కాకుండా ఇతర జీవులు, ముఖ్యంగా బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్, ఆ పని చేశాయని దాని అర్థం. గాలి తగలకుండా ఒక్క బ్రెటనోమైసిస్‌తోనే పులియబెట్టిన బీరులో పులుపు పెద్దగా ఉండదు. ఇక బ్యారెల్ ఏజ్డ్ అనేది పాత్ర సంగతి. విస్కీ తీసేసిన పీపాలో నిలవ ఉంచిన స్టౌట్ అనే నల్లని బీరు చిక్కగా, తియ్యగా ఉంటుంది తప్ప పుల్లగా ఉండదు. మూడు మాటలూ ఒకే సీసా మీద కలిసి కనిపిస్తే అక్కడ అసలు కథ ఉందని తెలుసుకోవాలి.

ఈ మూడూ కలిసిన బీర్లలో అన్నిటికీ పెద్దది లాంబిక్. బ్రస్సెల్స్ నగరంలోను, దానికి నైరుతిన ఉన్న పాయోటెన్‌లాండ్ పల్లెల్లోను చేస్తారు. 1900లో మొదలైన కాంటియోన్ బ్రూవరీ నేటికీ ఆ పద్ధతిని వదల్లేదు. బార్లీ మాల్ట్‌తో పాటు మూడో వంతు దాకా మొలకెత్తించని గోధుమలు వేస్తారు. బీరుకు చేదునిచ్చే పూలైన హాప్స్‌ను రెండు మూడేళ్ళు నిలవ ఉంచి వాడతారు. నిలవలో చేదు చాలావరకు పోతుంది గాని, బ్యాక్టీరియాను అదుపులో పెట్టే గుణం కొంత మిగులుతుంది. మరిగిన రసాన్ని వెడల్పాటి, లోతు తక్కువ తొట్టిలో పోసి రాత్రంతా ఆరుబయటి గాలికి చల్లారనిస్తారు. ఈస్ట్ ఎవరూ కలపరు. గాలిలో ఉన్నవి, ఆ గది దూలాలను అంటిపెట్టుకున్నవి, పీపా చెక్కలో దాగినవి వాటంతట అవే వచ్చి చేరతాయి. అక్టోబరు, ఏప్రిల్ మధ్య చలి నెలల్లోనే ఈ పని. రాత్రి ఉష్ణోగ్రత 8 డిగ్రీలకు మించకుండా ఉండాలి. వేసవి గాలిలో పనికిరాని బ్యాక్టీరియా మరీ ఎక్కువగా ఉంటుంది. డిసెంబరు రాత్రి కూడా 20 డిగ్రీల దగ్గర ఆగిపోయే నెల్లూరులో తొట్టి పెట్టి ఈ పని చేయలేకపోవడానికి ఇదొక్కటే చాలు.

పీపాలోకి చేరాక వంతులవారీగా పని నడుస్తుంది. మొదటి కొన్ని వారాలు పేగుల్లో ఉండే బ్యాక్టీరియాల కుటుంబానికి చెందినవి రాజ్యం చేస్తాయి. ఆల్కహాలు, ఆమ్లం పెరగగానే అవి చనిపోతాయి. తర్వాత కొన్ని నెలలు శాకరోమైసిస్, అంటే మనకు తెలిసిన బీరు ఈస్ట్, తేలికగా తినగలిగిన చక్కెరలను ఆల్కహాలుగా మారుస్తుంది. దాని పని అయ్యాక పీడియోకాకస్ నెమ్మదిగా పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లాన్ని పెంచుతూ పోతుంది. ఈ దశలో బీరు కొన్నాళ్ళు జిగటగా మారి తీగలు సాగుతుంది, వెన్న వాసన కొడుతుంది. అప్పుడు పీపా తెరిచి చూసిన కొత్తవారు ఎవరైనా పారబోయడానికే సిద్ధపడతారు. అనుభవం ఉన్నవారు బిరడా బిగించి ఊరుకుంటారు, ఎందుకంటే తర్వాతి వంతు బ్రెటనోమైసిస్‌ది. అది ఆ జిగటనూ వెన్న వాసననూ హరిస్తుంది. మామూలు ఈస్ట్ ముట్టలేని పెద్ద చక్కెరలను కూడా నెలల తరబడి తింటుంది. ఒకటి, రెండు, మూడేళ్ళ వయసున్న లాంబిక్‌లను కలిపి సీసాలో మళ్ళీ పులియనిస్తే దాన్ని గూజ్ అంటారు. పుల్ల చెర్రీలు వేసి నానబెట్టింది క్రీక్.

బాబాయి నోట వచ్చిన కల్లు మాటను ఇక్కడ పట్టుకోవాలి. కొత్తపట్నం నుంచి మైపాడు దాకా తీరం పొడవునా తాటిచెట్లున్న ఊళ్ళలో కల్లు తెలియనివారు అరుదు. కల్లులోనూ ఎవరూ ఈస్ట్ కలపరు. నిన్నటి కల్లు తాలూకు జీవులు లొట్టి లోపలి గోడలకు అంటుకునే ఉంటాయి కాబట్టి, కొత్త రసం చుక్క చుక్కగా పడుతుండగానే, చెట్టు మీదే పులియడం మొదలవుతుంది. లొట్టిలో సున్నం పూసి పెడితే ఆ క్షారానికి పని ఆగిపోతుంది, దించేది తియ్యని నీరా అవుతుంది. పద్ధతి దృష్ట్యా కల్లూ లాంబిక్కూ ఒకే వంశానివి. పొద్దున తియ్యగా దించిన కల్లు మధ్యాహ్నానికి పులిసి, మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. లాంబిక్ మాత్రం మూడేళ్ళయినా వెనిగర్ కాకుండా నిలుస్తుంది. అసలు తెలుసుకోవలసింది ఈ తేడానే.

ఒక కారణం వేడి. మన తీరంలో పగటి వేడి 35 డిగ్రీలు దాటే నెలలు చాలా ఉంటాయి. ఆ వేడిలో శాకరోమైసిస్, జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా, లాక్టిక్ బ్యాక్టీరియా, వెనిగర్ బ్యాక్టీరియా అన్నీ వంతులు లేకుండా ఒకేసారి విజృంభిస్తాయి. పీపాలుండే చల్లని కొట్టులో ఒక్కొక్క జీవికి నెలల గడువు దొరుకుతుంది. రెండో కారణం తిండి. తాటి రసంలో ఉన్నది చాలావరకు మామూలు పంచదార. ఎవరికైనా ఇట్టే అరిగిపోతుంది, గంటల్లో అయిపోతుంది. మాల్ట్, గోధుమల రసంలో గొలుసుల్లాంటి పెద్ద చక్కెరలు ఉంటాయి. వాటిని విరగ్గొట్టగలిగే జీవులు కొన్నే, అదీ మెల్లగానే. అందువల్ల ఆ పంట ఏళ్ళ తరబడి సరిపోతుంది. మూడోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది, గాలి. ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌గా, మార్చే ఎసిటోబాక్టర్‌కు ఆక్సిజన్ తప్పనిసరి. లొట్టి మూతి తెరిచి ఉంటుంది. పీపా మూసి ఉంటుంది, చెక్క రంధ్రాల గుండా అతి కొద్ది గాలి మాత్రమే లోపలికి వెళుతుంది. పైగా బీరు మీద ఈస్ట్, బ్యాక్టీరియా కలిసి తెల్లని పొర కడతాయి. ఆ పొర కూడా గాలిని కొంత అడ్డుకుంటుంది. కల్లులో ఎసిటిక్ ఆమ్లం పెత్తనం చేస్తే, మంచి పీపా బీరులో లాక్టిక్ ఆమ్లం ముందుండి, ఎసిటిక్ ఆమ్లం వెనక నీడలా ఉంటుంది. మా సీసాలో ఆ నీడ కొంచెం ముదురుగానే ఉంది. బాబాయి ముక్కు పట్టింది దాన్నే.

పీపా చేసే మేలు గాలిని కొలిచి ఇవ్వడంతో ఆగదు. కొత్త ఓక్ చెక్కను లోపల నిప్పు సెగతో కాలుస్తారు. అందులోంచి వనిల్లా వాసన ఇచ్చే వనిలిన్, కొబ్బరిని గుర్తుకు తెచ్చే లాక్టోన్, లవంగంలో ఉండే యూజినాల్, నోటిని వగరుగా పట్టే టానిన్లు బీరులోకి దిగుతాయి. కానీ పుల్ల బీరుకు ఎక్కువగా వాడేది వైన్ తయారీలో పాతబడిన పీపాలనే. సాధారణంగా 225 లీటర్లు పట్టే ఆ పీపాల్లో చెక్క రుచి చాలావరకు వైన్ వాళ్ళే తీసేసుకుని ఉంటారు. మిగిలిన చెక్కలో కొన్ని మిల్లీమీటర్ల లోతున బ్రెటనోమైసిస్ కాపురం ఉంటుంది. కాలిన చెక్కలో దొరికే సెల్లోబయోస్ అనే చక్కెరను సైతం అది తినగలదు. కడిగినా పోదు, తర్వాత పోసే బీరులోకి అదే దిగుతుంది. పూర్తిగా ఖాళీ చేయకుండా రోజూ కొత్త గంజి పోసే పాత ఇళ్ళ తరవాణి కుండలో పులుపు తరం నుంచి తరానికి అందినట్టే ఇదీ. పీపా ఎంత పెద్దదైతే లీటరుకు అందే గాలి అంత తగ్గుతుంది. 1821 నుంచి నడుస్తున్న బెల్జియం బ్రూవరీ రోడెన్‌బాక్‌లో నిలువెత్తు ఓక్ తొట్లు వరుసగా ఉంటాయి. అయినా అక్కడి ఎరుపు బీరులో పులుపు వెనిగర్ వైపు కాస్త మొగ్గుతుంది, అదే దాని గుర్తు.

ఇంత పాత విద్య ప్రపంచమంతటా ఎందుకు మరుగున పడిందో చెప్పడానికి రెండు సంవత్సరాలు చాలు. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ బ్రూవరీ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు. అడవి జీవుల వల్ల పాడయ్యే బీరు సమస్య దాంతో తీరిపోయింది. మనం తాగే లాగర్ ఆ శుద్ధి పద్ధతికి వారసుడే. 1904లో అదే కార్ల్స్‌బర్గ్‌కు చెందిన నీల్స్ యెల్టె క్లౌసెన్ ఇంగ్లండులో నిలవ ఉంచే బీర్ల ప్రత్యేక రుచికి కారణమైన ఈస్ట్‌ను వేరుచేసి బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టాడు. దాన్ని శత్రువుగా కాకుండా రుచికి అవసరమైనదిగా చూపించాడు. పరిశ్రమ హాన్సెన్ దారినే పట్టింది. క్లౌసెన్ మాట విన్నవారు చాలాకాలం పాటు బహు కొద్దిమంది.

ఇక రుచి చూడటం. నెల్లూరు జిల్లాలో మద్యం గురించి రాసేవారు దూబగుంటను మరచి రాయకూడదని నేను నమ్ముతాను. 1992లో ఆ ఊరి ఆడవారు సారాపై మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారి తీసింది. కూలి డబ్బు మత్తుకు పోయి ఇళ్ళు ఎలా కూలాయో ఇక్కడి కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ వ్యాసం ఎవరినీ తాగమని చెప్పదు. ఈ బీరును మత్తు కోసం తాగడమంటే దాన్ని వృథా చేయడమే. 750 మిల్లీలీటర్ల సీసా నలుగురు పెద్దలకు సరిపోతుంది, గంటసేపు కూర్చోబెడుతుంది.

మంచులా చల్లగా ఇవ్వకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసి, 10 నుంచి 13 డిగ్రీల దాకా వెచ్చబడనివ్వాలి. మన ఎండల్లో దానికి ఎక్కువసేపు పట్టదు. మరీ చల్లదనంలో వాసనలు పైకి లేవవు, పులుపు, వగరు మాత్రమే మిగులుతాయి. స్టీలు గ్లాసు వద్దు, మూతి కాస్త ముడుచుకున్న గాజు గ్లాసు కావాలి. సీసా అడుగున మడ్డి ఉంటుంది కాబట్టి కదపకుండా ఒంపాలి. నురగ తొందరగా కుంగిపోతే కంగారు పడనక్కరలేదు. ఇంతకాలం పులిసేసరికి నురగను నిలబెట్టే ప్రోటీన్లు చాలావరకు విరిగిపోతాయి.

తాగే ముందు వాసన చూడాలి, అదీ రెండు మూడుసార్లు. మొదట అనాస, పుల్లని ఆపిల్ లాంటి పండ్ల వాసనలు తగులుతాయి. అవి పులిసేటప్పుడు పుట్టే ఎస్టర్లనే పదార్థాల వాసనలు. కాస్త ఆగి మళ్ళీ చూస్తే కొత్త తోలు, ఎండుగడ్డి, పశువుల పాక గుర్తొస్తాయి. బార్లీ పొట్టులోని పదార్థాలను మార్చి బ్రెటనోమైసిస్ తయారుచేసే 4-ఇథైల్‌ఫినాల్ దానికి మూలం. ఒంగోలు ఎడ్లున్న ఇంట పెరిగినవారికి అది అసహ్యమైన వాసన కానే కాదు. కొద్దిగా ఉంటే బీరుకు లోతు వస్తుంది, మితిమీరితే ఆసుపత్రి కట్టు వాసన అవుతుంది. అన్నిటికీ అడుగున, పీపా ఇంకా బలంగా ఉంటే, వనిల్లా.

ఈ దశలోనే చేసే ఒక పరీక్ష నాకు చాలా ఇష్టం. ఎసిటిక్ ఆమ్లం ఆవిరై పైకి లేస్తుంది. లాక్టిక్ ఆమ్లానికి వాసన దాదాపు ఉండదు. కాబట్టి ముక్కుకే పులుపు తెలిసిందంటే అది వెనిగర్ పులుపు. వాసనలో లేకుండా నోట్లోకి వెళ్ళాక మాత్రమే తెలిసిందంటే అది పెరుగులోని పులుపు. నోట్లోనూ తేడా ఉంటుంది. లాక్టిక్ పులుపు గుండ్రంగా, మెత్తగా పరుచుకుంటుంది, ఎసిటిక్ పులుపు గొంతులో గుచ్చుతుంది. పండ్లు వేసిన బీరైతే పొదలకూరు నిమ్మకాయల్లో ఉండే సిట్రిక్ ఆమ్లం, ద్రాక్ష వేస్తే చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం కూడా కలుస్తాయి. ఇవన్నీ నాలుక మీద ఎక్కడ తగులుతాయో వెతకనవసరం లేదు. ఒక్కో రుచికి నాలుక మీద ఒక్కో చోటు ఉందని చూపించే పాత బొమ్మ తప్పు.

మొదటి గుక్క మీద తీర్పు చెప్పకూడదు. ఈ బీరు పీహెచ్ విలువ (ఇది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) సుమారు 3.2 నుంచి 3.5. మామూలు లాగర్‌ది 4.2 పైన. ఆ కొలతలో ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు. లాగర్‌కు అలవాటైన నోరు ఉలిక్కిపడి లాలాజలాన్ని ఒక్కసారిగా వదులుతుంది, ఇంకేమీ తెలియనివ్వదు. మూడో గుక్కకు నోరు సర్దుకుంటుంది. మా బావ కూడా మూడో గుక్క దగ్గర ఆగి, "ఇందులో వగరు ఎక్కడిది?" అని అడిగారు. అది చెక్కలోని టానిన్. తీపి ఏ మూలా లేకపోవడం వల్ల, బ్రెటనోమైసిస్ చక్కెరనంతా తినేయడం వల్ల, ఆ వగరు దాచడానికి ఏమీ మిగలదు. మామిడికాయ ఎక్కువ తిన్నప్పటిలాగే పళ్ళు పులుస్తాయి. మధ్య మధ్య మంచినీళ్ళు తాగాలి, తాగిన వెంటనే పళ్ళు తోమకూడదు. ఆమ్లానికి మెత్తబడిన పంటి మీది పింగాణీ (ఎనామిల్) పొర అరుగుతుంది.

ఇన్ని పులుపుల మధ్య నిజంగా పాడైన సీసాను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. గోళ్ళరంగు వాసన ఘాటుగా కొడితే అది ఇథైల్ అసిటేట్. పీపాలోకి గాలి మరీ ఎక్కువ వెళ్ళింది. రెండో దోషం మోసకారి. గ్లాసులో వాసన బాగుంటుంది, మింగిన కాసేపటికి గొంతు వెనక నుంచి ఎలుకల బొరియ వాసన పైకి వస్తుంది. టెట్రాహైడ్రోపిరిడిన్లు అనే పదార్థాలు పుల్లని బీరులో ఆవిరి కాకుండా ఉండి, లాలాజలం తగిలి ఆమ్లం తగ్గాక బయటపడతాయి. అది కొందరికి అసలు తెలియదు, కొందరు భరించలేరు. ఇలాంటి సీసాను కొన్ని నెలలు చల్లని చోట వదిలేస్తే ఆ దోషం తరచుగా తగ్గిపోతుంది.

తోడుగా ఏం తినాలన్నది మన ఇళ్ళలో తప్పక వచ్చే ప్రశ్న. నెల్లూరు చేపల పులుసుతో ఈ బీరు పడదని చాలామంది అనుకుంటారు, కానీ పుల్లని కూర తిన్న నోటికి బీరు పులుపు తగ్గి, పండ్ల వాసనలు ముందుకొస్తాయి. చిక్కు కారంతోనే. ఆమ్లం, గ్యాసు కలిసి మిరప మంటను రెట్టిస్తాయి, అందుకని పులుసులో కారం తగ్గించాలి. కారం తక్కువ వేసిన రొయ్యల వేపుడు అన్నిటికన్నా బాగా కుదురుతుంది. నూనె జిడ్డును పులుపు కడిగేస్తుంది, రొయ్యల సహజమైన తీపి నిలుస్తుంది. మలైకాజా మాత్రం ఆ పూట వద్దు. అంత తీపి తర్వాత గుక్క వేస్తే బీరులో ఒట్టి పులుపు తప్ప ఏమీ మిగలదు.